1600 డిగ్రీల పరీక్షకు గ్రాఫైట్ హీటరు, బిగింపు సామాను: ఏది కొనాలి, ఏది ఎక్కడ విరుగుతుంది

అంతరిక్షం నుంచి వాతావరణంలోకి తిరిగొచ్చే రీఎంట్రీ వాహనం ముక్కు, రెక్క అంచు, రాకెట్ నాజిల్ లాంటి వాటి కోసం చేసిన కార్బన్-కార్బన్ (కార్బన్‌లో కార్బన్ నూలు పొదిగినది), సిరామిక్ కాంపోజిట్ పలకలను నేల మీద వేడిచేసి చూడటానికి ముందుగా వాడేది క్వార్ట్జ్ ల్యాంపుల వరస. పలక ఉపరితలం 1300 డిగ్రీలు దాటాలంటే ఆ ల్యాంపుల గాజే తట్టుకోవడం కష్టమవుతుంది. అక్కడి నుంచి పైకి గ్రాఫైట్ హీటరే దారి. 150 మి.మీ. చదరపు నమూనా పలకను ఆర్గాన్ అనే జడ వాయువులో 1600 డిగ్రీల సెల్సియస్ దాకా తీసుకెళ్లే హీటరు, దాన్ని పట్టుకునే చట్రం తయారుచేయడానికి బజారులో దొరికే సామాను మీద ఈ సమీక్ష. హీటరు పలక, చట్రం పలక, బోల్టులు, జిగురు, ఫాయిల్ (వంగే గ్రాఫైట్ రేకు), ఫెల్ట్ (వేడిని ఆపే కార్బన్ నూలు పలక), ఇన్సులేటర్లు అన్నీ చూస్తాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఈ వేడిలో గ్రాఫైట్ పలక తనంతట తాను విరగడం అరుదు. విరిగేది అతుకు దగ్గర. అందుకే డేటాషీటులో బలం గడిని చూసి కొనేవాళ్లు తప్పు గడిని చూస్తున్నారు. మొదట చూడాల్సింది వ్యాకోచ గుణకం, అంటే ఒక్కో డిగ్రీ వేడికి ఎంత పెరుగుతుందో చెప్పే సంఖ్య.

హీటరు పలక

రెండు గ్రేడులను పక్కపక్కన పెడదాం. ఒకటి టోయో టాన్సో ఐజీ-110. జపాన్‌లో ఓఅరాయ్ దగ్గరి హెచ్‌టీటీఆర్ అణు రియాక్టర్ కోర్‌లో వాడిన గ్రాఫైట్ ఇదే. రెండోది పోకో ఏఎక్స్ఎఫ్-5క్యూ, చాలా సన్నటి రేణువున్నది. ఐజీ-110 సాంద్రత ఘ.సెం.మీ.కు 1.77 గ్రాములు, రేణువు సుమారు 20 మైక్రాన్లు, వంపు బలం 39 మెగాపాస్కల్, వ్యాకోచం డిగ్రీకి మీటరుకు 4.5 మైక్రాన్లు, ఉష్ణవాహకత మీటరుకు డిగ్రీకి 120 వాట్లు. ఏఎక్స్ఎఫ్-5క్యూ సాంద్రత 1.78, రేణువు 5 మైక్రాన్లు, వంపు బలం 86 దగ్గర, వ్యాకోచం 7.9, వాహకత 95.

బలం రెట్టింపు కంటే ఎక్కువ కదా, రెండోదే కొందామనిపిస్తుంది. ఒక్క లెక్క వేయండి. బలాన్ని ఉష్ణవాహకతతో గుణించి, దాన్ని యంగ్ మాడ్యులస్ (బిరుసుతనం కొలత), వ్యాకోచ గుణకాల లబ్ధంతో భాగిస్తే ఉష్ణ ఆఘాతాన్ని తట్టుకునే శక్తికి ఒక కొలత వస్తుంది. ఐజీ-110 మాడ్యులస్ 9.8 గిగాపాస్కల్, దాని కొలత 106. ఏఎక్స్ఎఫ్-5క్యూ మాడ్యులస్ దాదాపు 11. దాని కొలత 94. రెట్టింపు బలమున్న గ్రేడు గబుక్కున వేడెక్కించినప్పుడు ఏమీ మెరుగు కాదు, కాస్త వెనకబడింది కూడా. పైగా 150 మి.మీ. పలక 1600 డిగ్రీలకు చేరేసరికి ఐజీ-110 సుమారు 1.1 మి.మీ. పెరుగుతుంది, ఏఎక్స్ఎఫ్-5క్యూ 1.9 మి.మీ. దాకా పెరుగుతుంది. ఆ తేడా మొత్తం బోల్టుల మీద పడుతుంది.

కాబట్టి హీటరు పలకకు, వేడి వైపు దిమ్మెలకు ఐజీ-110 తరగతి చాలు. సన్నటి మరలు, 1 మి.మీ. గోడలు, పదునైన అంచులు అవసరమైన చిన్న భాగాలు ఉంటాయి: థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ జంట) పట్టే బుష్‌లు, చిన్న పిన్నులు. వాటికి ఏఎక్స్ఎఫ్-5క్యూ ఖరీదుకు తగ్గ పని చేస్తుంది. రేణువు చిన్నది కాబట్టి మర అంచు పొడిపొడిగా రాలదు.

ఇక కోత. 5 మి.మీ. మందం పలకలో 3 మి.మీ. వెడల్పు గాడులు ఒకసారి ఇటువైపు నుంచి, ఒకసారి అటువైపు నుంచి కోస్తే పది పట్టీల పాము ఆకారం వస్తుంది. ఒక్కో పట్టీ వెడల్పు 12 మి.మీ. ప్రవాహం నడిచే దారి సుమారు 1.5 మీటర్లు, అడ్డుకోత 60 చదరపు మి.మీ. ఐజీ-110 నిరోధకత 11 మైక్రో ఓమ్ మీటర్లు కాబట్టి గది వేడిలో నిరోధం 0.275 ఓమ్. 50 వోల్టుల దగ్గర 182 ఆంపియర్లు, 9.1 కిలోవాట్లు. నమూనా ముఖం 225 చదరపు సెం.మీ. కనుక, వెనక్కి, పక్కలకు పోయేది తీసేయకముందు చ.సెం.మీ.కు 40 వాట్లు. 1600 డిగ్రీల దగ్గర నల్లటి వస్తువు చ.సెం.మీ.కు 70 వాట్లు వెదజల్లుతుంది కాబట్టి నమూనా వెనుక వైపు చల్లగా వదిలేస్తే ఈ హీటరు సరిపోదు. వెనక ఫెల్ట్ కప్పి, నమూనా నిండా వేడెక్కే పరీక్షకైతే సరిపోతుంది. ఏ పరీక్షో తేల్చుకున్నాకే ట్రాన్స్‌ఫార్మరు కొనండి.

ఆర్గాన్‌లో వోల్టేజీ పెంచి ఆంపియర్లు తగ్గించుకుందామనే ఆలోచన వద్దు. వేడి ఆర్గాన్ త్వరగా ఆర్క్ కొడుతుంది. 60 వోల్టుల లోపే ఉంచడం మేలు. ఇంకో సంగతి: గ్రాఫైట్ నిరోధం మొదట తగ్గి, కొన్ని వందల డిగ్రీల దగ్గర కనిష్ఠానికి వచ్చి, తర్వాత మళ్లీ పెరుగుతుంది. ఆ దశలో వోల్టేజీ మాత్రమే పట్టుకునే కంట్రోలరు ఉంటే ఆంపియర్లు పైకి దూకుతాయి. ప్రవాహానికి హద్దు పెట్టే థైరిస్టర్ కంట్రోలరు తప్పనిసరి.

గాడి చివర చదరంగా కోయించకండి. కనీసం 1.5 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి. మలుపు లోపలి మూలలో ప్రవాహం గుమికూడుతుంది, అక్కడే వేడి ఎక్కువ, అక్కడే బిగువు ఎక్కువ. మలుపు దగ్గర పట్టీని 12 నుంచి 15 మి.మీ.కు వెడల్పు చేస్తే ఆ వేడి మచ్చ తగ్గుతుంది.

మిల్లింగ్ పని

హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల వైపు టూల్‌రూముల్లో ఈడీఎం (విద్యుత్ నిప్పురవ్వలతో లోహం కోసే పద్ధతి) ఎలక్ట్రోడుల కోసం గ్రాఫైట్ కోయడం కొత్తేమీ కాదు. ఆ అలవాటున్న షాపుకే ఇవ్వండి. ఉక్కు కోసే మెషీన్ మీదే, దుమ్ము లాగే గొట్టం లేకుండా చేసి ఇస్తామంటే వద్దనండి. గ్రాఫైట్ దుమ్ము కరెంటును మోస్తుంది. అది కంట్రోల్ పెట్టెలోకి వెళితే షాపు వాళ్లకే నష్టం. మనకు వచ్చే నష్టం వేరు: నూనె కలిసిన కూలెంట్ పోస్తే గ్రాఫైట్‌లోని తెరిచి ఉన్న రంధ్రాలు దాన్ని పీల్చుకుంటాయి. మొదటిసారి వేడి చేసినప్పుడు ఆ నూనె ఆవిరై నమూనా మీద పేరుకుంటుంది. కొనుగోలు ఆర్డరులోనే "పొడి కోత, వాక్యూమ్‌తో దుమ్ము తీత, కూలెంట్ వద్దు" అని రాయించండి.

కార్బైడ్ లేదా డైమండ్ పూత ఉన్న కట్టర్, క్లైంబ్ మిల్లింగ్ (కట్టర్ పన్ను పలక కదిలే దిశలోనే కదిలే కోత) అడగండి. కట్టర్ బయటికి వచ్చే అంచు రాలిపోకుండా వెనక గ్రాఫైట్ చెక్క ఆనించాలి. రంధ్రం చేసేటప్పుడూ అంతే. అంచులన్నిటికీ 0.5 మి.మీ. ఛాంఫర్ (ఏటవాలు కోత) అడగండి. ఎం6 (6 మి.మీ. వ్యాసం) కంటే చిన్న మర అసలు వేయించవద్దు. ఎం8, ఎం10 మంచివి. మర లోపలికి వెళ్లే పొడవు వ్యాసానికి రెండింతలు ఉండాలి.

చట్రానికి కార్బన్-కార్బన్ పలక

నమూనాను, హీటరును పట్టుకునే చట్రానికి గ్రాఫైట్ కంటే కార్బన్-కార్బన్ పలక మేలు. నూలు దిశలో వంపు బలం 100 మెగాపాస్కల్ దాటుతుంది, కింద పడితే గాజులా పగలదు, 3 మి.మీ. మందంతోనే పని అయిపోతుంది. మందం తగ్గితే తినే వేడి కూడా తగ్గుతుంది. ఈ పదార్థం మీద మన దగ్గర నైపుణ్యం గట్టిదే. హైదరాబాద్‌లోని అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లాబొరేటరీ అగ్ని క్షిపణుల కోసం కార్బన్ కాంపోజిట్ రీఎంట్రీ భాగాలు చేసింది. ఇస్రో 2024లో పీఎస్ఎల్వీ నాలుగో దశకు కార్బన్-కార్బన్ నాజిల్ డైవర్జెంట్‌ను (నాజిల్‌లో వెడల్పయ్యే చివరి భాగాన్ని) పరీక్షించింది. కొలంబియం మిశ్రలోహం బదులు దీన్ని వాడితే డైవర్జెంట్ బరువు 67 శాతం తగ్గుతుందని, పేలోడ్ 15 కిలోలు పెరుగుతుందని ఇస్రో ప్రకటించింది.

ఆ డైవర్జెంట్ మీద సిలికాన్ కార్బైడ్ పూత ఉంది. గాలిలో మండకుండా అది కావాలి. మన చట్రం ఆర్గాన్‌లో ఉంటుంది కాబట్టి పూత వద్దు, డబ్బు దండగ. పైగా సిలికాన్ కార్బైడ్ వ్యాకోచం 4.5 దగ్గర, నూలు దిశలో కార్బన్-కార్బన్‌ది 1 దగ్గర. పూత పూసినప్పటి వేడి నుంచి చల్లారేటప్పుడు పూత కుంచించుకుంటుంది, కింది పలక కుంచించుకోదు. అందుకే పూతలో సన్నటి పగుళ్లు తప్పవు. మళ్లీ బాగా వేడెక్కితే అవి మూసుకుంటాయి. 500 నుంచి 900 డిగ్రీల మధ్య మాత్రం తెరిచే ఉంటాయి. పూత పూసిన నమూనాను పరీక్షించేవాళ్లు ఆ నడిమి వేడినే ఎక్కువ అనుమానించాలి.

కొనేటప్పుడు ఒక్కటి గట్టిగా అడగండి: నేత రెండు దిశలదా, మూడు దిశలదా? రెండు దిశల పలకలో పొరకూ పొరకూ మధ్య కోత బలం సుమారు పది మెగాపాస్కల్ మాత్రమే. పలక అంచున మర వేసి బోల్టు బిగిస్తే పొరలు విడిపోతాయి. రెండు దిశల పలకకు ఆరపార రంధ్రం, నట్టు మాత్రమే. అంచు మర కావాలంటే మూడు దిశల నేత కొనండి.

గ్రాఫైట్ హీటరు 150 మి.మీ.కు 1.1 మి.మీ. పెరిగితే కార్బన్-కార్బన్ చట్రం 0.25 మి.మీ. కూడా పెరగదు. తేడా 0.85 మి.మీ. హీటరుకు ఒక మూల గుండ్రటి రంధ్రం, మిగతా వాటికి పొడవాటి రంధ్రాలు పెట్టండి. పొడవాటి రంధ్రాలు గుండ్రటి రంధ్రం వైపు గురిపెట్టినట్టు ఉండాలి, అన్నీ ఒకే దిశలో కోస్తే మూలల్లో పట్టేస్తాయి. ఒక్కో వైపు 1 మి.మీ. సందు వదలండి.

బోల్టుల దగ్గరే అసలు కథ

బజారులో రెండు రకాలున్నాయి: ఐసో గ్రాఫైట్ (అన్ని వైపులా సమాన ఒత్తిడితో నొక్కి చేసిన ఐసోస్టాటిక్ గ్రాఫైట్) బోల్టులు, కార్బన్-కార్బన్ బోల్టులు. రెండూ మంచివే, రెండూ తప్పు చోట పెడితే విరుగుతాయి.

గ్రాఫైట్ ఎం10 బోల్టు బిగువు అడ్డుకోత 58 చదరపు మి.మీ. తన్యత బలం 25 మెగాపాస్కల్ అనుకుంటే 1450 న్యూటన్ల దగ్గర తెగుతుంది. ఐదో వంతుకు మించి లాగకూడదు, అంటే 290 న్యూటన్లు. దానికి కావాల్సిన టార్కు 0.6 న్యూటన్ మీటర్లు మాత్రమే. వేళ్లతో తిప్పితే వచ్చేదే అంత. స్పానర్ ముట్టుకుంటే తల ఊడుతుంది. టార్క్ డ్రైవరు లేకుండా గ్రాఫైట్ బోల్టు బిగించవద్దు.

కార్బన్-కార్బన్ బోల్టు తెగదు కదా అని అందరూ దానివైపు మొగ్గుతారు. ఇక్కడ లెక్క ఎదురు తిరుగుతుంది. బోల్టు నూలు దాని పొడవునే ఉంటుంది, వ్యాకోచం 1. అది పట్టుకున్న గ్రాఫైట్ దిమ్మెలు 4.5. 20 మి.మీ. పట్టు ఉంటే 1600 డిగ్రీల దగ్గర దిమ్మెలు బోల్టు కంటే 0.11 మి.మీ. ఎక్కువ పెరుగుతాయి. బోల్టు మీద అది అర శాతం సాగుదల. కార్బన్-కార్బన్ అంత సాగదు, అంతకంటే ముందే తెగుతుంది. బోల్టు తెగకపోతే నట్టు మర రాలుతుంది. అదీ లేకపోతే గ్రాఫైట్ దిమ్మె నొక్కుకుపోతుంది, చల్లారాక అంతా వదులైపోయి ఉంటుంది. గది వేడిలో గట్టిగా బిగిస్తే ఇంకా తొందరగా విరుగుతుంది.

మందు ఒకటే: గ్రాఫైట్ ఫాయిల్ వాషర్లు. 0.5 మి.మీ. వాషర్లు నాలుగు పేర్చితే 2 మి.మీ. మందం, దానిలో 0.11 మి.మీ. నొక్కుకోవడం ఆరు శాతం లోపే. ఫాయిల్ తేలిగ్గా సర్దుకుంటుంది. అయితే ఫాయిల్ పూర్తిగా వెనక్కి లేవదు కాబట్టి మొదటి వేడి తర్వాత చల్లార్చి మళ్లీ ఒకసారి బిగించాలి. ఈ పని వదిలేస్తే రెండో పరీక్షలో నమూనా కదులుతుంది.

రెండు దిశల కార్బన్-కార్బన్ పలకల దొంతరను కార్బన్-కార్బన్ బోల్టుతో పట్టినా ఈ చిక్కు పోదు. పలక మందం దిశలో నూలు లేదు, ఆ దిశలో వ్యాకోచం నూలు దిశ కంటే ఎన్నో రెట్లు. పదార్థం ఒకటే కాబట్టి సరిపోతుందని అనుకోవద్దు. అలాంటి సన్నటి దొంతరకు గ్రాఫైట్ బోల్టే వ్యాకోచంలో దగ్గర.

మరలకు కొల్లాయిడల్ గ్రాఫైట్ లేదా బోరాన్ నైట్రైడ్ స్ప్రే పలచగా కొట్టండి, లేకపోతే నట్టు విప్పేటప్పుడు మరతో సహా వస్తుంది. నట్టు ఎత్తు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు ఉన్నదే కొనండి.

గ్రాఫైట్ జిగురు

డబ్బా మీద 2900 డిగ్రీల దాకా అని రాసి ఉంటుంది. జడ వాయువులో అది అబద్ధం కాదు, కానీ కొనేవాళ్లు అనుకునే అర్థంలో నిజమూ కాదు. అంత వేడికి ఆగేది లోపలి గ్రాఫైట్ పొడి. జిగురుగా పట్టుకునేది రెజిన్, సాధారణంగా ఫినాలిక్ లేదా ఫ్యూరాన్ రకం. వేడెక్కితే అది బొగ్గుగా మారుతుంది. ఫినాలిక్‌లో బొగ్గుగా మిగిలేది సగం, మంచిదైతే 60 శాతం. మిగతాది నీరు, ఫినాల్, వాయువులుగా బయటికి పోతుంది. పోయిన చోట రంధ్రాలు, కుంచించుకున్న చోట పగుళ్లు. కాబట్టి ఈ జిగురుతో బరువు మోయించే అతుకు కట్టకూడదు. భాగాలను కదలకుండా ఒక చోట నిలిపి ఉంచడానికి, ఫాయిల్ ముఖాన్ని ఫెల్ట్‌కు అంటించడానికి బాగా పనికొస్తుంది. ఆ పనికి మా మార్కులు నిండుగా.

సరిగ్గా వాడే పద్ధతి ఇది. రెండు ముఖాలను 120 లేదా 180 నంబరు కాగితంతో రుద్దండి. దుమ్ము ఊదకండి, వాక్యూమ్‌తో లాగండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఓవెన్‌లో ఆరబెట్టండి. రంధ్రాల్లో తేమ ఉంటే అదే ఆవిరై అతుకును లేపుతుంది. ముందు పలచటి పూత పూసి రంధ్రాలు తాగనివ్వండి, తర్వాతే అసలు పూత. ఒక్కసారి పూస్తే గ్రాఫైట్ రెజిన్‌ను పీల్చేసుకుని అతుకులో ఉత్త పొడి మిగులుతుంది. అతుకు మందం 0.1 మి.మీ. చుట్టూ ఉండాలి. మందంగా పూస్తే గట్టిగా ఉంటుందనే నమ్మకమే ఎక్కువ అతుకులను చెడగొడుతుంది. మందపు పూతలో వాయువు బయటికి దారి దొరక్క బుడగ కడుతుంది.

గట్టిపడే వేడి, గంటలు డబ్బా మీది కాగితంలో ఉన్నట్టే చేయండి. ఆ తర్వాతి దశను ఆ కాగితాలు సరిగ్గా చెప్పవు: 250 నుంచి 800 డిగ్రీల దాకా గంటకు 50 డిగ్రీలకు మించకుండా, ఆర్గాన్ పారిస్తూ ఎక్కించాలి. వాయువంతా పోయేది ఆ మధ్యలోనే. ఈ పనిని నమూనా లేకుండా, విడిగా చేయండి. లేకపోతే ఫినాల్ తారు నమూనా మీద, కిటికీ మీద పేరుకుంటుంది, వెలుగును బట్టి వేడి కొలిచే పైరోమీటరు తక్కువ చూపిస్తుంది.

మూత తీసిన డబ్బాలో రెజిన్ చల్లటి చోట పెట్టినా ముదురుతుంది. పెద్ద డబ్బా చవకని కొనకండి. గడువు తేదీ చూసి చిన్నది కొనండి.

ఫాయిల్, ఫెల్ట్

గ్రాఫాయిల్ లాంటి వంగే గ్రాఫైట్ రేకు మీద పెద్దగా ఫిర్యాదు లేదు. రేకు వెంట వాహకత సుమారు 140, మందం దిశలో 5 చుట్టూ. ఆ తేడాయే దాని గుణం. సాంద్రత 1.1 ఉన్నది అడగండి, మరీ నొక్కినది సర్దుకోదు. సీలింగ్ కోసం లోహపు రేకు మధ్యలో పెట్టి చేసే రకం ఒకటుంది, వేడి వైపు అది అసలు రాకూడదు.

గట్టి ఫెల్ట్ పలక 40 మి.మీ. మందం, ఆర్గాన్‌లో వాహకత 0.5 అనుకుంటే 225 చ.సెం.మీ. వెనక నుంచి పోయేది దాదాపు 400 వాట్లు. 9.1 కిలోవాట్లలో అది నాలుగు శాతమే. అంతకంటే మందం వేసి లాభం లేదు. సందులు మూయడం ముఖ్యం: రెండు పొరలుగా వేసి అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా చూడండి. ఫాయిల్ ముఖం ఉన్న పలకే కొనండి, లేకపోతే ఫెల్ట్ నూలు రాలి హీటరు గాడుల మధ్య పడి రెండు పట్టీలను కలిపేస్తుంది. 3 మి.మీ. గాడిలో ఒక్క పోగు చాలు.

ఇన్సులేటరు, లోహం

బోరాన్ నైట్రైడ్ స్టాండాఫ్‌లు (భాగాలను ఎడంగా నిలిపే ఇన్సులేటరు దిమ్మెలు) కొనండి, కానీ గ్రేడు అడగండి. చవక గ్రేడులో బైండరు బోరిక్ ఆక్సైడ్. అది 450 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, గాలిలో తేమ పీలుస్తుంది. బైండరు లేని రకం ఖరీదైనా దాన్నే తీసుకోండి. వేడి చివరలో సిలికా వద్దు. 1500 దాటాక కార్బన్‌తో కలిసి వాయువుగా పోతుంది. జిర్కోనియా కూడా గ్రాఫైట్‌ను ముట్టుకుంటే కార్బైడ్ అవుతుంది. స్టాండాఫ్ చుట్టూ లోతైన గాడి ఒకటి కోయించండి. ఎంత జాగ్రత్తపడ్డా కార్బన్ పొర ఇన్సులేటరు మీద పేరుకుంటుంది. గాడి లోపలి ముఖం హీటరుకు కనిపించదు కాబట్టి అక్కడ పొర తెగి కరెంటు కారదు.

ఉక్కు వాషరు ఒక్కటి కూడా వేడి వైపు మిగలకూడదు. ఇనుము, కార్బన్ కలిస్తే 1147 డిగ్రీల దగ్గరే కరుగుతాయి. నికెల్‌కు అది 1326. వాషరు కరిగి గ్రాఫైట్‌లోకి ఇంకిపోతుంది, పలక చెడుతుంది. బిగించేటప్పుడు వాడిన ప్రతి తాత్కాలిక స్క్రూను లెక్కపెట్టి పెట్టండి.

కరెంటు లోపలికి తెచ్చే గ్రాఫైట్ స్తంభం అడ్డుకోత పట్టీకి మూడు, నాలుగు రెట్లు ఉండాలి. చల్లటి చివర నీటితో చల్లార్చే రాగి దిమ్మెకు మధ్యలో ఫాయిల్ పెట్టి, డిస్క్ స్ప్రింగ్ వాషర్లతో బిగించండి. అక్కడ చల్లగానే ఉంటుంది కాబట్టి ఉక్కు స్ప్రింగులకు భయం లేదు. అతుకు నిరోధం ఒక్క మిల్లీ ఓమ్ ఉన్నా 182 ఆంపియర్ల దగ్గర 33 వాట్లు అక్కడే పుడతాయి. బిగించాక మైక్రో ఓమ్ మీటరుతో కొలిచి రాసుకోండి. తర్వాతి పరీక్షకు ఆ సంఖ్య పెరిగిందంటే ఫాయిల్ మార్చాలి. నీటి గొట్టాల అతుకులు ఛాంబరు బయటే ఉండాలి. వేడి గ్రాఫైట్ మీద నీరు పడితే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ పుడతాయి.

టంగ్‌స్టన్-రీనియం థర్మోకపుల్‌ను గ్రాఫైట్‌కు నేరుగా తాకించకండి. తీగ కార్బైడ్‌గా మారి పెళుసై తెగుతుంది. బోరాన్ నైట్రైడ్ తొడుగు పెట్టండి. ప్లాటినం తీగలు కార్బన్ ఆవిరిలో పాడవుతాయి. 1400 పైన రెండు రంగుల పైరోమీటరునే ప్రధాన కొలతగా పెట్టుకుని థర్మోకపుల్‌ను తోడుగా వాడటం మా సలహా.

వాయువు

ఆర్గాన్ 99.999 శాతం కొన్నా సరిపోదు, లోపల ఎంత ఆక్సిజన్ ఉందో కొలవాలి. నిమిషానికి 10 లీటర్ల ఆర్గాన్‌లో 100 పీపీఎం (పది లక్షల్లో 100 వంతులు) ఆక్సిజన్ ఉంటే నిమిషానికి 1 మిల్లీగ్రాము కార్బన్ పోతుంది, గంటకు 60. 10 పీపీఎం అయితే గంటకు 6. మొత్తం మీద ఇది చిన్నదే అనిపిస్తుంది. కానీ పోవడం అంతటా సమానంగా పోదు. వాయువు మొదట తాకే అంచునే తింటుంది. ఒక పట్టీ ఒక చోట సన్నబడితే అక్కడ నిరోధం పెరిగి, వేడి పెరిగి, ఇంకా సన్నబడుతుంది. వాయువు వచ్చే దారిలో వేడిగా ఉండే చోట పనికిరాని గ్రాఫైట్ ముక్కలు గుట్టగా పెడితే ఆక్సిజన్ ముందు వాటినే తింటుంది. ఖర్చు లేని ఉపాయం, పని చేస్తుంది.

ఛాంబరును 1 మిల్లీబారు దాకా లాగి ఆర్గాన్ నింపడం మూడుసార్లు చేయండి. రెండోసారి తర్వాత వాక్యూమ్‌లోనే హీటరును 300 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచండి. ఫెల్ట్‌లో దాగిన తేమ అప్పుడే బయటికి వస్తుంది. నైట్రోజన్ చవక, ఆర్క్ భయమూ తక్కువ. నమూనా ఉత్త కార్బన్ అయితే నిరభ్యంతరంగా వాడొచ్చు. జిర్కోనియం డైబోరైడ్ లాంటివి ఉంటే నైట్రైడ్‌లు పుడతాయి కాబట్టి ఆర్గానే.

సిలికాన్ కార్బైడ్ పూత ఉన్న నమూనాలకు మరో జాగ్రత్త. ఆక్సిజన్ బొత్తిగా తక్కువగా ఉన్నప్పుడు పూత మీద కాపాడే సిలికా పొర పుట్టదు. సిలికాన్ మోనాక్సైడ్ ఆవిరిగా పోతూ ఉంటుంది. ఆ ఆవిరి హీటరు మీద చేరి ఉపరితలాన్ని కార్బైడ్‌గా మారుస్తుంది, నిరోధం మారుతుంది. జడ వాయువులో పూత బరువు తగ్గడాన్ని ఎగిరేటప్పుడు జరిగే తరుగుగా రిపోర్టులో రాస్తే అది తప్పు లెక్క.

చల్లార్చేటప్పుడు థర్మోకపుల్ 200 చూపించగానే తలుపు తీయకండి. ఫెల్ట్ లోపల ఇంకా ఎక్కువ వేడి ఉంటుంది, గాలి తగిలితే అక్కడ మండుతుంది. ఛాంబరులోని వాయువును బయటికి పోయే గొట్టం ద్వారా ఖాళీ చేసి, కార్బన్ మోనాక్సైడ్ మీటరు చూసి తీయండి.

కొనుగోలు

సన్న రేణువు గ్రాఫైట్ దిగుమతి చేసుకునేవాళ్లు గడువు లెక్కలో కాగితాలకు కూడా చోటు పెట్టుకోవాలి. సాంద్రత 1.72 దాటి, రేణువు 100 మైక్రాన్ల లోపు ఉండి, రాకెట్ నాజిల్, రీఎంట్రీ ముక్కులకు పనికొచ్చే గ్రాఫైట్ క్షిపణి సాంకేతిక నియంత్రణ జాబితాలో ఉంది. పైన చెప్పిన రెండు గ్రేడుల సాంద్రత, రేణువు ఆ హద్దుల్లోకే వస్తాయి. అమ్మేవాళ్లు దేనికి వాడతారో రాసిచ్చే ఎండ్-యూజ్ సర్టిఫికెట్ అడుగుతారు, అది లేకుండా సరుకు కదలదు. ఆర్డరుతో పాటే ఆ కాగితం పంపండి.

దిమ్మె నంబరు, ఆ దిమ్మె సాంద్రత, నిరోధకత, బూడిద శాతం ఉన్న టెస్టు సర్టిఫికెట్ తీసుకోండి. "సాధారణ విలువలు" అని అచ్చేసిన కాగితం సర్టిఫికెట్ కాదు. వ్యాకోచ గుణకం రెండు దిశల్లో అడగండి. ఐసోస్టాటిక్ గ్రాఫైట్‌లో కూడా దిశను బట్టి కొద్దిగా తేడా ఉంటుంది. హీటరు పలకలు రెండు ఒకే దిమ్మె నుంచి, ఒకే దిశలో కోయించి, ఒకదాన్ని పక్కన పెట్టుకోండి. అదే దిమ్మె నుంచి 10 మి.మీ. చదరం, 60 మి.మీ. పొడవున్న కడ్డీలు ఆరు అదనంగా కోయించండి. మూడింటిని పరీక్షకు ముందు, మూడింటిని పరీక్షల తర్వాత నాలుగు బిందువుల వంపు పరీక్షకు పంపొచ్చు. తర్వాత పంపే మూడూ పరీక్షలప్పుడు ఛాంబరులో హీటరు పక్కనే ఉండాలి.